జవాబు తెలిసిన ప్రశ్నలు

పుస్తకానికి సమీక్ష రాస్తారు. సినిమాకి రాస్తారు. సంగీత కచేరీకి కూడా రాస్తారు. పిల్లలు రోజూ ముందు కూర్చుని చదివే కంప్యూటరు పాఠానికి మాత్రం ఎవరూ రాయరు, అదేమిటో! ఆమాట కొస్తే ఇవాళ ఏ నవలా రచయిత్రికీ లేనంతమంది పాఠకులు దానికి ఉన్నారు. పైగా నచ్చకపోతే మధ్యలో మూసేసి లేచిపోయే హక్కు లేని పాఠకులు! అందుకని ఈ వారం ఆ పని నేను చేద్దామని కూర్చున్నాను.

నేను చూసింది ఇక్కడ కాదు, అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో. డల్లాస్ పక్కన మా అమ్మాయి వాళ్ళుండే ఊళ్ళో సాయంత్రం పార్కుకి వెడితే మన అమ్మమ్మలూ నాయనమ్మలూ బోలెడుమంది కనిపిస్తారు. "ఎప్పుడొచ్చారు?" అన్నది మొదటి ప్రశ్న. "ఎప్పుడు వెడుతున్నారు?" అన్నది రెండోది. వేసవి దగ్గర పడుతున్నకొద్దీ మూడో ప్రశ్న ఒకటి చేరుతుంది: "మీ పిల్లకి స్టార్ ప్రాక్టీసు ఎంతవరకు వచ్చింది?"

స్టార్ అంటే ఆకాశంలో చుక్క అనుకునేరు. టెక్సాస్ ప్రభుత్వం 2012 నుంచి బడి పిల్లలకి పెడుతున్న పరీక్ష పేరు అది. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా చదవడంలోనూ లెక్కల్లోనూ పరీక్ష ఉంటుంది. కొన్ని తరగతులకి సైన్సు, సాంఘికశాస్త్రం కూడా. ఇలా ఏటేటా పరీక్ష పెట్టి తీరాలని అమెరికా దేశమంతటికీ 2002లో చట్టం వచ్చింది. 2015లో ఆ చట్టాన్ని మార్చారు గాని, పరీక్షలు మాత్రం అలాగే ఉన్నాయి. 2023 నుంచి టెక్సాస్‌లో దాదాపు పిల్లలందరూ ఆ పరీక్షని కంప్యూటరు మీదే రాస్తున్నారు.

ఇందులో పిల్లల మార్కులొక్కటే కాదు, బడి పరువు కూడా ఉంది. పిల్లల మార్కుల్ని చూసి ప్రతి బడికీ 'ఎ' నుంచి 'ఎఫ్' దాకా ఒక అక్షరం ఇస్తారు. ఇల్లు కొనుక్కునేవాళ్ళు గదులెన్నో చూసుకునేకంటే ముందు ఆ అక్షరం చూసుకుంటారు. ఇక బడివాళ్ళు ఊరుకుంటారా? పరీక్ష ఎలా ఉంటుందో అచ్చం అలాగే సాధన చేయించే సాఫ్టువేరు కొని పిల్లల చేతికిస్తారు. అలాంటివి అక్కడ చాలా ఉన్నాయి. నాలుగో తరగతి చదువుతున్న మా మనవరాలికి ఇచ్చినదాని పేరు ఇక్కడ చెప్పను. ఒకదాన్ని అని లాభం లేదు, వరస అంతా ఒకటే.

ముందుగా మంచి చెప్పుకుందాం, అది ధర్మం. లెక్కల దగ్గర ఆ యంత్రానికి నేను దండం పెట్టాను. మా పిల్లకి భిన్నాలు కొరుకుడు పడలేదు. సగం పెద్దదా, ఎనిమిదింట మూడు వంతులు పెద్దదా అంటే "మూడు పెద్దది కదా!" అనేది. యంత్రం ఒకసారి చూసింది, రెండుసార్లు చూసింది, నెమ్మదిగా దాన్ని మూడో తరగతి పాఠానికి తీసుకుపోయి గుండ్రటి బొమ్మలు కోసి చూపించింది. తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడ పట్టుకుంది. పాతికమంది పిల్లలున్న తరగతిలో ఒక్క టీచరమ్మకి అంత తీరిక ఎక్కడిది? విసుక్కోలేదు. "పక్కింటి పిల్లని చూసి బుద్ధి తెచ్చుకో" అనలేదు. నిజం చెప్పొద్దూ, మా అమ్మాయికి లెక్కలు చెప్పేటప్పుడు నేను ఈ రెండూ చేశాను.

ఇక చదవడం సంగతి. ఆ గుర్తు నొక్కితే ఒక చిన్న కథ వస్తుంది, పక్కన అయిదారు ప్రశ్నలు వస్తాయి. ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు. ఆ రోజు వచ్చిన కథలో ఒక కుర్రాడి వాళ్ళు ఇల్లు మారుతున్నారు. కొత్త ఇంట్లో కుక్కని పెట్టుకోనివ్వరట. పక్కింటి ముసలావిడకి దాన్ని అప్పజెప్పి, కారెక్కబోతూ ఆ కుర్రాడు గేటు దగ్గర ఆగాడు. వాన మొదలైంది. అంతే, కథ అయిపోయింది. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. మా పిల్ల మాత్రం కథ మొహం చూడకుండా తిన్నగా ప్రశ్నల్లోకి దిగింది.

"కథ చదవవే?" అన్నాను.

"ముందు ప్రశ్నలు చదవాలి అమ్మమ్మా. తర్వాత జవాబు ఎక్కడుందో కథలో వెతుక్కోవాలి. అలాగైతే టైము కలిసొస్తుంది."

నాలుగో పేరాలో రచయిత వాన గురించి ఎందుకు చెప్పారు అని ప్రశ్న. ఆ రోజు వాన వచ్చింది కనుక చెప్పారు అన్నాను నేను. ఆ జవాబు నాలుగింట్లోనూ లేదు. "ఉన్నవాటిలోంచి చెప్పాలి అమ్మమ్మా" అంది. సరే, కథ ఏ కాలంలో జరిగిందో తెలియడానికి అన్నాను. నొక్కింది. ఎర్ర గీత పడింది. 'మళ్ళీ ప్రయత్నించు!' అంది యంత్రం. ఊహ తెలిసినప్పటినుంచీ కథలు చదువుతున్నదాన్ని, నాలుగో తరగతి తప్పాను!

మా పిల్ల నన్ను జాలిగా చూసింది. "రచయిత ఎందుకు అని అడిగితే మనసుకి సంబంధించిన జవాబు నొక్కాలి. ఎప్పుడూ అదే" అని, 'బాబు దిగులును సూచించడానికి' అన్నది నొక్కింది. టింగుమని మోగి అయిదు బంగారు నాణేలు రాలాయి.

"అది సరే, పాపం ఆ కుక్క ఏమయిందంటావు?" అన్నాను.

"అది అడగలేదుగా అమ్మమ్మా" అంది, రెండో ప్రశ్నకి పోతూ.

నా సమీక్షంతా ఆ ఒక్క మాట చుట్టూనే ఉంది. జవాబు తప్పు కాదు. వాన దిగులుకే వచ్చి ఉంటుంది. కాని ఆ దిగులు పిల్లని తాకలేదు. తాకకుండానే దానికి పేరు పెట్టడం నేర్చుకుంది, నాణేలు కూడా గెలుచుకుంది. అలాంటి కథలు వరసగా చూశాను. చాలావాటికి రచయిత పేరు లేదు. మొదలూ చివరా కత్తిరించినట్టుంటాయి. ముందు ప్రశ్న పుట్టి, దానికి ఒక కథ కావాలి కదా అని తర్వాత ఎవరో పూరించారేమో అనిపిస్తుంది. మనం కథని మనుషులకోసం చదువుతాం. ఇక్కడ పోగొట్టుకున్న తాళంచెవికోసం గదంతా గాలించినట్టు చదువుతారు. తాళంచెవి దొరికితే ఇక గదితో పనేముంది?

రచయిత పేరున్నా పెద్ద తేడా లేదనడానికి అక్కడే జరిగిన ఒక ముచ్చట ఉంది. సారా హోల్‌బ్రూక్ అని ఒక అమెరికన్ కవయిత్రి. ఆవిడ కవితలు రెండు టెక్సాస్‌లో ఏడు, ఎనిమిది తరగతుల పరీక్షల్లో పడ్డాయి. పాత ప్రశ్నపత్రాలు ఏ దేశంలోనైనా సాధనకే కదా పోతాయి! ఒక టీచరు ఆ ప్రశ్నలు చూసి, దీనికి జవాబేమిటి చెప్మా అని ఆవిడకే రాశారు. 2017లో ఆవిడ ఒక వ్యాసం ప్రకటించారు, నా కవితల మీద ప్రశ్నలకి నేనే జవాబు చెప్పలేకపోతున్నాను మొర్రో అని! కవితని అక్కడ ఎందుకు రెండు భాగాలు చేశారని ఒక ప్రశ్న. ఆవిడ వేదిక మీద కవిత చదివి వినిపించే మనిషి. అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది కనుక అక్కడ ఖాళీ వదిలింది. ఆ జవాబు ఇచ్చిన నాలుగింట్లో లేదు. ఎలా ఉంటుంది? ఆవిడని ఎవరూ అడగలేదు కదా!

నవ్వుకుని వదిలేద్దామంటే ఆ కవయిత్రి నాకు మరీ సొంతమనిషిలా తోచింది. నాకూ అలాగే ఎర్ర గీత పడిందాయె.

చదవడం ఇలా ఉంటే రాయడం ఇంకో మెట్టు పైన. ఆ పరీక్షలో పిల్లలు నాలుగు వాక్యాలు సొంతంగా కూడా రాయాలి. అది మంచి మార్పే, మెచ్చుకోవాలి. కాని 2023 డిసెంబరు నుంచి ఆ రాతలకి ముందు మార్కులు వేసేది యంత్రం. మనుషులు దిద్దిన సుమారు 3,000 జవాబులు చూపించి దానికి తర్ఫీదిచ్చారు. నాలుగోవంతు జవాబుల్ని మనుషులు మళ్ళీ చూస్తారు. మిగతా పిల్లలు రాసినవి మార్కు వేసేటప్పుడు ఏ మనిషీ చదవడు. యంత్రం ఏం చూస్తుందన్నదానికి ఇంకో కథ. లెస్ పెరెల్‌మన్ అని అక్కడ ఎంఐటీలో రాత నేర్పిన మేష్టారు, ఈ యంత్రాలంటే ఆయనకి బొత్తిగా గిట్టదు. 2014లో కొందరు విద్యార్థులతో కలిసి ఆయన ఇంకో యంత్రం తయారుచేశారు. రెండు మూడు మాటలు ఇస్తే చాలు, పెద్ద పెద్ద పదాలతో, తలా తోకా లేని వ్యాసం క్షణంలో రాసిపడేస్తుంది. దానికి మార్కులు వేసే యంత్రాలు బ్రహ్మాండమైన మార్కులు వేశాయి! టెక్సాస్‌లో ఇప్పుడున్న యంత్రం అదే అని నేననడంలేదు. పిల్ల రాసిన దానికి కళ్ళు చెమర్చే చదువరి ఒకరుండాలి కదా అన్నదే నా బాధ. మా పిల్ల ఒకరోజు "ఇందులో పెద్ద మాటలు రెండు పెట్టనా అమ్మమ్మా?" అని అడిగింది. ఎందుకే అంటే, "దానికి ఇష్టం" అంది. నిజంగా ఇష్టమో కాదో నాకు తెలియదు. పదేళ్ళ పిల్ల ఎవరి మెప్పుకోసం రాయాలనుకుంటోందో మాత్రం తెలిసింది.

ఇదంతా నిన్నా మొన్నా పుట్టింది కాదు. సిడ్నీ ప్రెస్సీ అనే అమెరికన్ ప్రొఫెసరు 1926లోనే నాలుగు మీటల యంత్రం గురించి రాశాడు. దానికి ఒక తమాషా ఏర్పాటు కూడా ఉండేది, సరైన జవాబులు చెబితే మిఠాయిబిళ్ళ బయటికొచ్చేలాగ. మా పిల్ల బంగారు నాణేలకి తాతగారన్నమాట ఆ మిఠాయి! తర్వాత 1953లో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన కూతురి బడికి వెళ్ళి లెక్కల క్లాసులో వెనక కూర్చున్నాడు. తెలిసిన పిల్లలు విసుగ్గా కదులుతున్నారు, తెలియని పిల్లలు బిక్కమొహం వేశారు, తాము చేసింది ఒప్పో తప్పో తెలియాలంటే అందరూ మర్నాటి దాకా ఆగాలి. ఆయన ఇంటికొచ్చి వెంటనే తప్పొప్పులు చెప్పే యంత్రం మొదలుపెట్టాడు. ఒక తండ్రికి కలిగిన ఆరాటంలోంచి పుట్టింది సుమండీ ఇది. ఆ ఆరాటాన్ని నేను తప్పు పట్టను.

మరి ఫలితం ఉందా అంటారు. రెండు సంగతులు చెబుతాను. అమెరికా ప్రభుత్వమే 132 బడుల్లో, 439 మంది టీచర్ల తరగతుల్లో ఆనాటి సాఫ్టువేర్లు పెట్టి చూసి 2007లో నివేదిక ఇచ్చింది. అవి వాడిన తరగతులకీ వాడని తరగతులకీ పరీక్ష మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇక రెండోది మన దేశంలోనే, ఢిల్లీలో. కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి పరిశోధకులు 2015లో 619 మంది పిల్లల మీద ఒక పరిశీలన చేసి 2019లో ప్రకటించారు. సాయంత్రంపూట కేంద్రాలకి పిలిచి, మైండ్‌స్పార్క్ అనే సాఫ్టువేరుతో, ఏ పిల్ల ఎక్కడుందో అక్కడినుంచి నేర్పించారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారట! నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ బాగా పుంజుకున్నారు. చిత్రమేమిటంటే, బడిలో పెట్టిన లెక్కల పరీక్షలో ఆ ఎదుగుదల కనబడలేదు. పిల్ల మూడో తరగతి లెక్కనుంచి అయిదుకి ఎగబాకితే, ఆరో తరగతి పరీక్షకి అది ఎలా తెలుస్తుంది?

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచింది ఇది. పిల్ల నేర్చుకోవడం ఒకటి, పరీక్షకి తయారవడం ఇంకొకటి. యంత్రాన్ని మొదటిదానికి వాడితే మేలు చేస్తుంది. రెండోదానికి వాడితే, పరీక్ష పెట్టేవాడు ఏమనుకుంటున్నాడో ఊహించడంలో ఆరితేరుస్తుంది. 'మనసుకి సంబంధించిన జవాబు నొక్కాలి' అన్న మా పిల్ల చిట్కా ఆ రెండో రకం విద్య.

ఈ మాటే మా అమ్మాయితో అన్నాను, రాత్రి గిన్నెలు సర్దుతూ. అది కాస్సేపు ఊరుకుని, "అమ్మా, నువ్వు నాకు టెన్తులో గైడు కొనలేదూ?" అంది.

కొన్నాను. గైడూ కొన్నాను, బిట్ బ్యాంకూ కొన్నాను. ఇంపార్టెంటు ప్రశ్నలకి ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టింది నేనే. తెలుగు ఉపవాచకంలో కథలకి సారాంశాలు గైడులోంచి బట్టీ పట్టించింది నేనే. ఆ ఉపవాచకం పుస్తకం మడత నలగకుండా అలమరలో ఉండిపోయింది. తెలుగులో మంచి మార్కులే వచ్చాయి, వీధంతా చెప్పుకున్నాను. ఆ తర్వాత మా అమ్మాయి ఇష్టపడి ఒక తెలుగు కథ చదవడం నేను చూడలేదు. అప్పట్లో చదువు ఎక్కువై తీరిక లేదనుకున్నాను. ఇంటినిండా వారపత్రికలుండేవి, వాటిలో కథలుండేవి. ఒక్కసారైనా "ఇది చదివావా, ఆ పిల్ల అలా చేసిందేమిటే?" అని దాన్ని అడిగిన గుర్తు లేదు. ఎన్ని పేజీలయ్యాయి అని అడిగినట్టు గుర్తుంది.

అంచేత యంత్రాన్ని తిట్టి చేతులు దులుపుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. మన ఎంసెట్ కూడా 2018 నుంచి కంప్యూటరు మీదకే ఎక్కింది, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. ఆ పిల్లలకీ ఇళ్ళల్లో మాక్ టెస్టులే మాక్ టెస్టులు. గైడు కాగితం మీదనుంచి అద్దం మీదకి వచ్చింది, అంతే. టెక్సాస్‌లో ఈ స్టార్ పరీక్ష తీసేసి 2027-28 నుంచి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో చట్టం చేశారు. ఒక్క పెద్ద పరీక్ష బరువు తగ్గించాలన్నది మంచి ఉద్దేశమే. మూడింటికీ మూడు సాధనలు పెట్టరు కదా అని నా అనుమానం.

మరి ఏం చేద్దామంటారు? లెక్కలు యంత్రం దగ్గర చేయించండి, నాకు అభ్యంతరం లేదు. ఎక్కడ వెనకబడిందో అది చెబుతుంది, వినండి. పరీక్ష ఎలా ఉంటుందో తెలియడానికి నాలుగు నమూనాలూ చేయించండి, పిల్ల బెదిరిపోకుండా ఉంటుంది. కాని కథ దగ్గరకొచ్చేసరికి మూత వెయ్యండి. ఆ యంత్రంలో ఎన్ని వేల ప్రశ్నలున్నా, అన్నీ జవాబు తెలిసిన ప్రశ్నలే. జవాబు ముందే కడుపులో పెట్టుకుని అడుగుతుంది. పిల్లకి రోజులో ఒక్కసారైనా, నిజంగా తెలియక, తెలుసుకోవాలని అడిగే మనిషి కావాలి. దానికి మనకి పెద్ద చదువు అక్కర్లేదు, ఇంగ్లీషు అంతకన్నా అక్కర్లేదు. పప్పులో పోపు వేస్తూ అడగొచ్చు.

నేను తిరిగొచ్చే ముందు ఒక రాత్రి పక్కమీద మళ్ళీ అడిగాను. "ఆ కుక్క ఏమయిందంటావే?"

మొదట "ఏ కుక్క?" అంది. గుర్తు చేశాను. పైకప్పుకేసి చూస్తూ కాస్సేపు ఆలోచించింది. ఆ ముసలావిడ దానికి రోజూ అన్నం పెడుతుందట. అది తింటుందిట, కాని గేటు చప్పుడైనప్పుడల్లా లేచి వెళ్ళి చూసి వస్తుందిట. ఒకరోజు నిజంగానే ఆ అబ్బాయి వస్తాడట, కాని అప్పటికి చాలా పొడుగైపోయి ఉంటాడు కనుక అది ముందు మొరుగుతుందిట.

చెప్పి, నావైపు తిరిగి, "కరెక్టేనా అమ్మమ్మా?" అంది.

"నాకేం తెలుసే తల్లీ?" అన్నాను.

తెల్లబోయి చూసింది. ప్రశ్న అడిగినవాళ్ళకే జవాబు తెలియకపోవడం దానికి కొత్త. తర్వాత దుప్పటి నామీదకి లాక్కుని, "అయితే ఇంకోలాగ చెప్పనా?" అని మొదలుపెట్టింది.